వరసలో ఉంది నాన్నా

డాల్టన్,
మార్చి 9

అమ్మకి,

నీ నయేలి దండాలు. ఇక్కడ నేనూ చోలె పిన్నీ బాగానే ఉన్నాం, పిన్ని మోకాళ్లు తప్ప. అక్కడ మన సొంతూరు సకాపులో నువ్వూ అమ్మమ్మా వేళకు తింటూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు స్పీకరు పెట్టావంటే వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. కార్పెట్ మిల్లులో నన్ను దారం చుట్టే వైపు మార్చారు, దుమ్ము తక్కువ. నువ్వు చెప్పినట్టే మొక్కజొన్న పిండి ఆకులో చుట్టి ఉడికించి కోరుందాలు చేశాను, ఆకు విప్పగానే సగం విరిగిపోయాయి. పిన్ని నవ్వలేక చచ్చింది. కొత్త చట్టం వచ్చిందా అన్నావు. రాలేదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ గొడ్డుచాకిరీ చేస్తున్న పిన్నిలాంటి వాళ్లకు ఉండనిచ్చే కాగితాలిమ్మని పోయిన నెల మళ్లీ అట్లాంటాలో ఊరేగాం. పిన్ని నినాదం రాసిన పాత అట్టనే మోసింది. దానిమీద ఏడాది అంకె మాత్రం మార్చి అంటించింది.

నాన్ననీ రమ్మంది.

"ఊరేగింపులు మీలాంటి దిక్కులేనోళ్లకి చోలే! నాకేం, సిటిజన్ కూతురుంది."

"వదిలేసి పోయాక ఈ ఎనిమిదేళ్లలో ఆ కూతురికి ఒక జత చెప్పులైనా కొన్నావా బావా?"

"అబ్బా, మళ్లీ పాత సోది మొదలెట్టావూ?"

ఇక నాన్న సంగతి. ఆయన కాగితాలు పంపావా అనీ, క్షమించేయమనీ రాశావు. నాకు ఇరవై ఒకటి నిండిన రోజే ఆయన కేకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇక్కడే పుట్టిన కూతురికి ఆ వయసొస్తే కన్నవాళ్ల కోసం దరఖాస్తు పెట్టొచ్చని ఎవరో చెప్పారట. అంతకుముందు ఏ పుట్టినరోజూ ఆయనకు గుర్తు లేదు. నీ దరఖాస్తు ఆ వారమే పంపాను. నిన్ను దేశం దాటించినప్పుడు వేసిన పదేళ్ల నిషేధంలో ఇంకా రెండేళ్లున్నాయి, తప్పదు. ఆయన వీసా మీద వచ్చి ఉండిపోయినవాడు కాబట్టి ఆ బాధ లేదు. నా సంతకం చాలు.

తొమ్మిది నెలలుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు.

"ఏమ్మా నయేలీ, నా కాగితం ఎందాకా వచ్చింది?"

"వరసలో ఉంది నాన్నా. ఈలోపు నా కారు వెనక లైటు ఒకసారి చూడవా?"

నీ ట్రక్కుకి నువ్వు మూడుసార్లు మొత్తుకున్నా ఆయన మార్చనిదీ ఇలాంటి లైటేనమ్మా. అది వెలగలేదనే పోలీసు నీ ట్రక్కు ఆపి, కాగితాలు లేవని నిన్ను పట్టుకుపోయాడు. అప్పటికే ఆయన ఆ ట్రక్కునీ మననీ వదిలేసి ఇంకొకావిడ ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు మోకాళ్లమీద కూర్చుని, బాగున్న లైటును విప్పి, తుడిచి, బిగిస్తాడు. నేను లోపల కూర్చుని బ్రేకు తొక్కుతాను.

"వెలిగిందే!"

"ఎందుకైనా మంచిది, మళ్లీ విప్పి చూడు నాన్నా."

అలా చూస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను. పాపమైతే చర్చిలో ఫాదరు దగ్గర ఒప్పుకుంటాను.

అసలు ఒప్పుకోవలసింది నీ దగ్గర. ఆయన కాగితం ఏ వరసలోనూ లేదమ్మా. నా బట్టల పెట్టె అడుగున ఉంది. నీ మాట మీద నిజంగానే పంపుదామనుకున్నాను. కేకు తెచ్చిన రోజే తన వివరాలు తనే రాసిచ్చాడు. సంతకం పెట్టబోతూ చదివాను. పెళ్లి గురించి అడిగినచోట 'భార్య చనిపోయింది' అని ఉంది.

ఇదేమిటని అడిగాను.

"ఉందని రాస్తే ఎక్కడుంది, ఎందుకు పంపేశారు అని సవాలక్ష అడుగుతారే. పోయిందంటే పని తేలిక" అన్నాడు, కేకు తింటూ.

సరే నాన్నా అని నవ్వుతూ తీసుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన్ని చూస్తే ఒళ్లు మండిపోతోంది.

కాబట్టి క్షమించమని ఇంకెప్పుడూ రాయకు. రెండేళ్లు ఎంతలో గడుస్తాయి! నువ్వొచ్చాక ఒక ఆదివారం నేను బ్రేకు తొక్కుతాను. లైటు వెలిగిందో లేదో ఆయన వెనక నిలబడి నువ్వు చెబుదువుగాని. అప్పుడు ఆ కాగితం నీ చేతికే ఇస్తాను. పంపుతావో చింపుతావో నీ ఇష్టం.

అమ్మమ్మకు ముద్దులు. ఈ ఉత్తరం మాత్రం ఆమెకు చదివి వినిపించకు.

ఇట్లు,
బతికున్న అమ్మకు కూతురు
నయేలి