ఎప్పుడో ఓపాలి వచ్చేది

మావా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. నీ పడవవాళ్లు ఇంకా నీ వాటా కూరచేప తీసి ఇంటికి పంపుతూనే ఉన్నారు. ఇవాళ కోనాం చేప వచ్చింది. ద్వారకా నగర్‌లో ఇంగ్లీషు కోచింగ్ నుంచి వచ్చిన మన పిల్ల దాన్ని చూసి, "కోనాం రేరమ్మా" అంది.

"రేరంటే ఏటే?" అన్నాను.

"అసలు రాదని కాదమ్మా. ఎప్పుడో ఓపాలి వస్తాది. నువ్వూ ఆ మాట పెట్టి ఒక వాక్యం సెప్పు."

పొద్దుటి నుంచి చేపల బుట్ట మోసి మెడ పట్టేసింది. "మీ నాన్న" అని మొదలుపెట్టి ఆపేశాను. రేరన్న మాట నీకు సరిపోదు.

కూర దించి, అలవాటుగా తలకాయ ముక్క నీకని పక్కన పెట్టాను. చల్లారాక పిల్లకు వేశాను.