దీనమ్మగారు ఫోన్ చేస్తే

వదినా, వందనాలు.

అదంతా ఎలా జరిగిందని మీరు ఫోన్‌లో అడిగితే పెట్టేశాను, అందుకే రాస్తున్నాను. ఇక్కడ అమెరికాలో, మా ఆష్‌బర్న్‌లో నవంబరు మొదట్లోనే ఇంత మంచు ఎప్పుడూ పడలేదట. మా చర్చిలో పెద్దావిడ దీనమ్మగారిని ఇంటి దగ్గర దింపడానికి మీ తమ్ముడు బయల్దేరారు. దారిలో కారు మంచులో కూరుకుపోయింది. వణుకుతున్న ఆమెకి తన కోటు కప్పి, "మీరు దిగకండి ఆంటీ, టూ మినిట్స్‌లో మంచు క్లీన్ చేసేస్తాను" అని దిగారట. వెనక నుంచి జారుకుంటూ వచ్చిన ట్రక్కు ఆయన్ని గుద్దేసింది.

ఆమె రోజూ వచ్చి మా తలుపు అవతల నిలబడి, "నా వల్లే పోయాడమ్మా" అని ఏడుస్తున్నారు. ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా తలుపు తీయలేకపోతున్నాను. మీకు ఫోన్ చేస్తారట. తప్పు ఆమెది కాదని మీరైనా ఆమెతో చెప్పండి.

మీ మరదలు