రాజవ్వ రక్తం రిపోర్టు

మంగళవారం, కోరుట్ల

కంటి ఆపరేషన్‌కు ముందు పరీక్ష చేస్తే నా పెళ్లాం రాజవ్వ రక్తంలో కామెర్ల వైరస్ బయటపడింది. మొగుడి నుంచి పెళ్లానికి పడక మీద కూడా అంటుతుందని జగిత్యాల డాక్టరమ్మ చెప్పింది. నాకు వెంటనే బీడీల కమీషన్‌దారు గుర్తొచ్చాడు. నేను దుబాయిలో ఉన్న ఆరేళ్లూ వాడు మా అరుగు మీద కూర్చుని రాజవ్వ చుట్టే బీడీలకు ఆకు, తంబాకు తూచి ఇచ్చేవాడు. వాడి మాటలకు రాజవ్వ పగలబడి నవ్వేదని మా అమ్మ చెప్పేది. వాడు చచ్చి చాలా ఏళ్లయింది. అయినా బస్సులో వస్తున్నంతసేపూ నా కడుపు మండింది.

ఇంటికి రాగానే అడిగేశాను.

"ఎవడు అంటిచ్చిండే నీకు? గా బీడీలోడేనా?"

"సిగ్గులేదానయ్యా, గీ వయసుల గిదా అడిగేది? నాతోని నీకు అంటిందేమోనని నా పానం కొట్టుకుంటుంది. రేపు నువ్వు గూడ పరీక్షకు రక్తమియ్యి" అంది.

అప్పట్లో రెండోసారి దుబాయి పోదామంటే మెడికల్ పరీక్షలో నన్ను అన్‌ఫిట్ చేశారు. నా రక్తంలోనూ ఇదే వైరస్. దుబాయిలో ఉన్నప్పుడు నేను ఎవరి దగ్గరికి పోయానో నాకు తెలుసు. నీ భార్యకు ఇది అంటకుండా సూదులు వేయించమని ఆ మెడికల్ చేసిన డాక్టరు మరీ మరీ చెప్పాడు. పరువు పోతుందని, వీసా ఏజెంటు మోసం చేశాడని ఊరంతా చెప్పుకున్నాను. రాజవ్వకూ అదే చెప్పాను. సూదులు వేయించలేదు.

రేపు రక్తం ఇవ్వకముందే నిజం చెప్పాలి. చెబుతానో లేదో...

ఆ బీడీలోడి మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు. నేను లేని ఆరేళ్లు వాడు దాన్ని నవ్వించాడు. నేను దుబాయి నుంచి తెచ్చి దానికి ఇచ్చింది ఈ రోగం.