నిండు చెంబుతో సముద్రం దాకా

అక్కా,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకు.

బండెక్కితే వాంతులని ఇన్నేళ్ళూ సముద్రమే చూడలేదు నువ్వు. అందుకే మంచం, పొయ్యి ఉన్న వ్యాను ఈ నెలకు అద్దెకు తీసుకున్నాను. కుదుపు ఎంతో తెలుసుకుందామని మొన్న నీ మంచం మీద నిండు చెంబు పెట్టి, ఒడ్డున వ్యాన్లు ఆపుకునే మైదానం దాకా వెళ్ళాను. పరుపంతా తడిసిపోయింది. నిన్న మెల్లగా మళ్ళీ వెళ్ళాను. వెనక లారీవాడు, "ఏం తాతా, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నావా?" అని అరిచాడు. "కాదు బాబూ, మా అక్కని" అన్నాను. చుక్క తొణకలేదు.

అక్కడ తలుపు తీస్తే మంచం మీద పడుకునే ఉండి అలలు చూడొచ్చు. వస్తానంటే వెంటనే జవాబు రాయి. రానంటే మాత్రం తొందరేమీ లేదు.

నీ తమ్ముడు