మోకు పట్టే చోటు

చిన్నమ్మలూ,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అని రాసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగుతుంది. మీ అన్న పోయినప్పటి నుంచి ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట దగ్గరే ఆగుతోంది. అయినా రాస్తున్నాను, ఉన్నవాళ్లం బాగున్నాం. నువ్వు వేళకి ఇంత తిని, డ్యూటీ దిగాక కాసేపైనా కన్ను మూస్తున్నావనుకుంటాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. నా మోకాలు పరవాలేదు. మెట్లెక్కేటప్పుడు తిట్టిపోస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. నువ్వు పంపిన తైలం సగం మీ వదిన నడుముకే అయిపోయింది. వదిన తింటోందా అని అడిగావు. తింటోంది, కానీ నిలబడి తింటోంది. కూర్చుని తినవే అంటే, కూర్చుంటే మళ్లీ లేవలేనంటుంది. మీ వీధి చివర కుక్క పిల్లల్ని పెట్టిందని రాశావు, చదివి నవ్వుకున్నాను. ఇంకా ఇలాంటివి రాస్తూ ఉండు.

మూడో ప్రశ్న ఒకటుంది. దీవిలోకి మళ్లీ బయటివాళ్లని రానిస్తారట నిజమేనా, నువ్వు ఒప్పుకోలేదు కదా అని. దాని కింద గీత కూడా గీశావు. ఆ మనుషులు ఇక్కడ తిరుగుతున్నంత కాలం ఇంటికి రానని రాశావు. దానికీ జవాబు చెప్తాను. కాస్త ఓపిక పట్టు తల్లీ, నాకు చుట్టు తిరిగి రావడమే అలవాటు.

జబ్బు భయంతో రేవు మూసేశాక ఇక్కడ ఎలా ఉండేదో నువ్వు చూడలేదు. సరుకుల పడవ తప్ప ఏదీ వచ్చేది కాదు. అదీ రేవు ముందరి బండరాయి పక్కనే ఆగి, మూటలు దించి వెళ్లిపోయేది. లాంచీ నడిపే మన సరంగు అన్నయ్య రోజూ పొద్దున్నే అది ఎక్కి, ఇంజను కాసేపు తిప్పి ఆపేసేవాడు. తిప్పకపోతే పట్టేస్తుందట. ఆ చప్పుడు వినపడగానే ఊరంతా తలలెత్తేది. ఆగిపోగానే ఎవరి పనిలో వాళ్లు పడేవారు. పని అంటే ఏముంది, ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చుకోవడం. టైలరు మాస్కులు కుట్టి కుట్టి గుడ్డ అయిపోయి, ఇంట్లో కర్టెన్లకి కత్తెర పెట్టాడు. ఇప్పుడు వాళ్లింటిల్లిపాదికీ మొహాల మీద గులాబీ పూలే.

జబ్బు తగ్గుముఖం పట్టింది, పరీక్ష చేయించుకున్న యాత్రికులని పంపిస్తాం, తెరుచుకుంటారా అని పెద్ద ఒడ్డు నుంచి కబురొచ్చింది. ఆ రోజే రేవు పెద్ద మనింటికి వచ్చాడు. టీ ఇచ్చాను. వాన గురించి మాట్లాడాడు, చేపల గురించి మాట్లాడాడు, వెళ్లిపోయాడు. మర్నాడు లాడ్జీ యజమాని వచ్చి గోడకి సున్నం ఎప్పుడు వేయించారని అడిగి వెళ్లాడు. ఆ తర్వాత టైలరు పెళ్లాం. టీపొడి డబ్బా అడుగంటింది కానీ ఒక్కరి నోటా అసలు మాట రాలేదు. అప్పటికి గాని నాకు వెలగలేదు. ఈ దీవిలో ఆ జబ్బుకి పోయింది మన వాడొక్కడే. వచ్చినవాళ్ల పెట్టెలు దించి దించి తెచ్చుకున్నాడు. నేను సరేననందే తెరవకూడదని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. అనుకుని, నన్నడిగే ధైర్యం లేక నా టీ తాగి పోతున్నారు.

మీ వదిన కూడా అడగలేదు. లాడ్జీ గదుల పని చూసేది ఆవిడే కదా, తెరిస్తే గాని ఆవిడకి పనిలేదు. ఒకరోజు దుప్పట్లు మడతపెడుతుంటే నేనే అన్నాను, నువ్వెందుకు నోరు విప్పవే అని. దుప్పటి కొస నా చేతికిచ్చి అంది కదా, "అడిగితే మీరు సరే అంటారు అత్తయ్యా. అందుకే అడగట్లేదు."

ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది. పోయింది ఆవిడ మొగుడు. అయినా నన్ను ఇరుకున పెట్టకూడదని నోరు కట్టేసుకుంది. నా కడుపున పుట్టకపోయినా ఇంత మనసెక్కడిది దీనికి అనుకున్నాను.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. రేవు పెద్ద మళ్లీ వచ్చి వాన గురించి మొదలుపెట్టాడు. ఆపి చెప్పాను, "టీ చల్లారకముందే తాగండి. తాగి, వెళ్లి రేవు తెరవండి." ఆయన గ్లాసు కింద పెట్టేసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అయితే ఒకటి, ఆ రోజు నన్ను మాత్రం రేవుకి పిలవకండి" అన్నాను. తల ఊపాడు. అవును తల్లీ, సరేనన్నది నేనే. రాయడానికి ఇన్నాళ్లు చెయ్యి రాలేదు. నీ కోపం నాకు తెలుసు. ఆస్పత్రిలో అద్దం అవతల నిలబడి అన్నని చూసినదానివి నువ్వు. నేను ఆ మాత్రం కూడా చూడలేదు. నీ కోపం తప్పని నేను అనను.

కానీ మీ వదిన చేసిన పని నువ్వు చూడాలి. "రోగి ఖాళీ చేసిన గదిని ఎలా ఆరబెట్టాలో మీ ఊళ్లో ఎవరికైనా తెలుసా" అని పోయినసారి కోపంగా రాశావు చూడు. నీకు తెలిసినదంతా ఆ కోపంలోనే రాసేశావు. కిటికీలు ఎంతసేపు తెరవాలో, పక్కబట్టలు దులపకుండా ఎలా చుట్టాలో, చీపురుకి ముందు తడిగుడ్డ ఎందుకో. వదిన నాలుగుసార్లు చదివించుకుని, అదే లాడ్జీకి నియమం చేసింది. ఖాళీ అయిన గది గడియకి ఎర్రగుడ్డ కడుతుంది. ఆ గుడ్డ ఆవిడే విప్పేదాకా యజమాని కూడా లోపల కాలు పెట్టకూడదు. అదేమిటమ్మా నా లాడ్జీలో నేనే అని ఆయన అంటే, "మా ఆడపడుచు రాసింది, ఆమెనే అడగండి" అని నీ మీదికి తోసేసింది. ఆయన నిన్నేం అడుగుతాడు, నోరు మూసుకున్నాడు.

సైకిల్ షాపు ఆయన బ్రేకు తీగతో కుళాయి చేశాడు. కాలితో తొక్కితే డ్రమ్ములోంచి నీళ్లొస్తాయి, చేత్తో ముట్టక్కర్లేదు. దాన్ని రేవు మొదట్లో పెట్టారు. తర్వాత, తెరిచే రోజుకి అలవాటు పడాలని మీ వదిన ఊరందరిచేతా నాటకం వేయించింది. కొందరు యాత్రికులు, కొందరు మనవాళ్లు. టైలరు పెద్ద షావుకారులా వచ్చి, నాకు సముద్రం కనపడే గదే కావాలని పేచీ పెట్టాడు. పుట్టిన దగ్గర్నుంచీ వాడి వంటింట్లోంచి కనపడేది సముద్రమే. సరంగు అన్నయ్య అప్పటిదాకా ఇంజను దగ్గర కూర్చుని వచ్చాడేమో, నుదుటి దగ్గర జ్వరం మిషను పెట్టగానే కుయ్యిమంది. వదిన మారు మాట్లాడకుండా ఆయన్ని విడి గదిలో పెట్టి గడియ వేసింది. ఆయన కిటికీలోంచి, ఇది నాటకమే కదమ్మా, అన్నం వేళయిందని మొత్తుకున్నాడు. "నాటకంలో జ్వరమొచ్చినా గది గదే బాబాయ్, అన్నం గుమ్మంలో పెడతాం" అంది. పెట్టింది కూడా. మీ అన్న పోయాక ఊరంతా కలిసి నవ్వడం అదే మొదలు. నేను కూడా నవ్వాను. నవ్వాక భయమేసింది, వాణ్ణి మరిచిపోయానేమో అని.

ఇలా అన్నీ కుదిరాయి. ఒక్కటి మాత్రం తప్పిపోయింది. నూనె దండగని నాటకానికి లాంచీ తియ్యలేదు. లాంచీ వచ్చి ఆగింది, మనుషులు దిగుతున్నారు అనుకుని, అక్కడి నుంచే మొదలుపెట్టేవాళ్లు. ప్రతిసారీ అంతే.

తెరిచిన రోజు రేవుకి రానన్నానా, వచ్చాను. ఇది నేను నీకు చెప్పాల్సిన రెండోది. ఉతికిన దుప్పట్లు ఆరేస్తుంటే దూరంగా ఇంజను చప్పుడు వినపడింది. రోజూ ఆగినట్టు ఆగలేదు, దగ్గరికొస్తోంది. కాళ్లు వాటంతటవే నడిచాయి. ఐసు గది వెనక, ఎవరికీ కనపడకుండా నిలబడ్డాను. అందరూ మాస్కులు కట్టుకుని ఎవరి చోట వాళ్లున్నారు. మీ వదిన డ్రమ్ము దగ్గర ఉంది. లాంచీ నెమ్మదించింది. లాంచీ మీది కళాసీ ఎప్పటిలాగే, రేవు గుంజకి చుట్టే మోకు విసిరాడు.

పట్టుకునేవాళ్లు లేరు. మోకు చెక్కల మీద పడి, పాములా జారి నీళ్లలోకి పోయింది.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నీళ్లకి, పెట్టెలకి, జ్వరం చూడ్డానికి, అన్నిటికీ మనుషులున్నారు. మోకుకి మాత్రం ఎవరినీ పెట్టలేదు. మరిచిపోయి కాదు తల్లీ. ఆ గుంజ పక్క చోటు మన వాడిది. అక్కడ నువ్వు నిలబడు అని ఇంకొకరితో అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ మాటెత్తితే వాడి పేరెత్తాలి. ఇంకెవరో ఎత్తుతారులే అని అందరూ వదిలేశారు. రేవు పెద్ద ఒకడుగు వేసి ఆగిపోయాడు. మీ వదిన తల దించుకుంది. మోకు పట్టేవాళ్లు లేక లాంచీ అడ్డం తిరుగుతోంది, అందులో జనం బల్లలు పట్టుకుని లేచి నిలబడ్డారు. కాస్త పోతే రాయికి కొట్టుకునేది.

నేను వెళ్లి ఆ గుంజ పక్కన నిలబడ్డాను. సరంగు అన్నయ్య నన్ను చూసి, తప్పుకో చెల్లెమ్మా, నీ వల్ల కాదని అరిచాడు.

"వెయ్యమను" అన్నాను.

కళాసీ మోకు లాక్కుని మళ్లీ విసిరాడు. పట్టుకున్నాను. మీ అన్నకి టీ తెచ్చినప్పుడల్లా చూసేదాన్ని కదా, గుంజకి రెండు చుట్లు వేసి, కొసని కాలి కింద తొక్కి పట్టి వెనక్కి వాలేవాడు. అలాగే వాలాను. లాంచీ బరువంతా మోకులోంచి నా చేతుల్లోకి వచ్చింది. ఇన్నేళ్లూ రోజూ వాడి చేతుల్లోకి వచ్చిన బరువు అది. వాడు పోయాక వాణ్ణి ముట్టుకున్నట్టు అనిపించింది ఆ ఒక్కసారే.

ముందుగా దిగింది నా వయసావిడ. నాకు చెయ్యి అందించబోయింది, నేనూ అందించబోయాను, ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాం. మాస్కు పైన ఆవిడ కళ్లు నవ్వాయి. ఇంటిపట్టునే ఉండి ఉండి సముద్రం చూడాలనిపించిందమ్మా అంది. ఆవిడ కాలు దించబోతుంటే నా నోట్లోంచి వచ్చేసింది, "చూసి దిగండి, ఆ మెట్టు జారుతుంది." దిగే ప్రతి మనిషికీ వాడు చెప్పే మాట. డ్రమ్ము దగ్గర మీ వదిన తలెత్తింది.

సాయంత్రం మీ వదిన నా అరచేతులకి మందు రాసింది. రాస్తుంటే, రేపు మోకు ఎవరు పడతారు అన్నాను. "నేను పడతాను. రెండు చుట్లు ఎటు నుంచి ఎటో మీరు చూపించండి" అంది. పొద్దున్నే చూపించాను. మొదటిసారి జారింది, రెండోసారి నిలిచింది. రెండు చేతులతో గట్టిగా వెనక్కి వాలి నిలబడింది తల్లీ. దూరం నుంచి చూస్తే ఎవరిలా ఉందో నేను రాయను, నువ్వే వచ్చి చూడు.

భయం పోయిందని అబద్ధం చెప్పను. ఎవరు దగ్గినా నా గుండె ఆగుతుంది. గడియకి ఎర్రగుడ్డ ఉందా లేదా అని రోజూ చూసి వస్తాను. నువ్వు రానన్నావు. బలవంతం చెయ్యను. ఎప్పుడైనా మనసు మారితే, పరీక్ష చేయించుకుని పొద్దుటి లాంచీ ఎక్కు. మోకు పట్టేది మీ వదినే. ఆవిడ చెప్పకముందే నేను చెప్తున్నాను, చూసి దిగు, ఆ మెట్టు జారుతుంది.

ఇట్లు
మీ ఇద్దరి అమ్మ