అత్త పోయిన మూడోనాడు

జూలై 21, సోమవారం

ఫైలు 212వ వరుస దగ్గర ఆగిపోయింది. ఇది మూడోసారి.

మా సంస్థకు వనపర్తి జిల్లా పల్లెల్లో ఇరవై ముగ్గురు కార్యకర్తలు. గర్భిణుల వివరాలు ఫోన్లో కొట్టి పంపుతారు. అన్నీ కలిపితే ఒక టెక్స్ట్ ఫైలు. పేరు, ఊరు, ఫోను, ఎన్నో కాన్పు, చివరి నెలసరి తారీఖు. దాన్ని డేటాబేస్ టేబుల్లోకి ఎక్కించడం నా పని. ఎక్కిందంటే కాన్పు తేదీ అదే లెక్క కడుతుంది. ఆ తేదీకి పది రోజుల ముందు పేరు నా లిస్టులోకి వస్తుంది. నేను ఫోన్ చేస్తాను. డేవిడ్ జీపులో వెళ్ళి ఆమెను ఆస్పత్రి పక్కనున్న మా గదులకు తెస్తాడు. ఫోన్ వచ్చినప్పుడు బయల్దేరితే చాలని ఇంటింటికీ కార్యకర్తలు చెప్పి ఉంచారు.

212లో తారీఖు గడిలో ఏముందంటే, శివరాత్రి జాగారం తెల్లారి. కిందికి పోతే, దీపావళి తెల్లారి. ఉద్దాలనాడు. కాముని పున్నమికి రెండొద్దులు ముందు. ఒకచోటైతే, అత్త పోయిన మూడోనాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. అది డేట్ కాలమ్ తల్లీ, ముచ్చట్లు రాసుకునే గోడ కాదు.

సగం అమరచింత వైపు ఊళ్ళు చూసే కార్యకర్త లక్ష్మీదేవమ్మవే. ఫోన్ చేసి అడిగితే, వాళ్ళకు తారీఖులు తెల్వవు బిడ్డా, వాళ్ళు చెప్పిందే రాసిన, నేను కల్పించి రాస్తే అది అబద్ధమైతది గద, అంది. యాభై ఏళ్ళ మనిషితో ఏం వాదిస్తాం. పెట్టేశాను.

జూలై 22, మంగళవారం

కమాండ్‌లో తప్పులొచ్చినా ఆగొద్దని ఇగ్నోర్ అనే ఒక్క మాట చేర్చాను. గడగడా ఎక్కేసింది. 1,312 వరుసలు. వార్నింగ్స్ 38.

మా ఆఫీసు చూసే నిరంజన్ సార్ వచ్చి చూసి, నవనీతా, నువ్వు మెషీన్‌వి, అన్నారు. చాయ్ కూడా ఆయనే తెప్పించారు. వార్నింగ్స్ తెరిచి చూడలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

పొద్దున్నే ఒకాయన ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన భార్య లలితమ్మ ఖిల్లా ఘణపూర్ రోడ్డు మీద ఆటోలో ప్రసవించింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉందట. ఆటో ఆపి ఎవరో ముసలమ్మ తీసిందట. తల్లీబిడ్డా బతికారు. మీ ఫోన్ వస్తదని ఇంట్ల కూసున్నం, మీ ఫోన్ మన్నుగాను, అన్నాడు.

ఎక్కడో పొరపాటు జరిగింది, కనుక్కుంటానని చెప్పి లలితమ్మ వరుస తీశాను. కాన్పు తేదీ ఖాళీ. నెలసరి తారీఖు 0000-00-00.

ఆమె దీపావళి తెల్లారి అని చెప్పిన మనిషి. ఇగ్నోర్ అంటే టేబుల్ ఆ మాటను పక్కన పెడుతుందని అనుకున్నాను. పక్కన పెట్టలేదు, సున్నాలు చేసింది. తేదీ లేని మనిషి ఏ లిస్టులోకీ రాదు. నేను పదిహేడు రోజులుగా ముప్పై ఎనిమిది మందికి ఫోన్ చేయడం లేదు.



అదే రోజు, 5 గంటలు

సార్ అడిగారు. ఫైలు బాగా రాలేదు సార్, కార్యకర్తలు తారీఖులు సరిగా రాయలేదు, అన్నాను. సార్ లక్ష్మీదేవమ్మ పేరు నోట్ చేసుకున్నారు. నేను ఊరుకున్నాను.

ఇక్కడైనా నిజం రాస్తాను. ఫైలు బాగానే వచ్చింది. అందులో ఉన్నదాన్ని చెరిపింది నేను.

ఆగస్టు 9, శనివారం

లక్ష్మీదేవమ్మను ఆఫీసుకు పిలిపించాను. రెండు బస్సులు మారి వచ్చింది, చంకలో నోటుబుక్కుతో. తన పేరు సార్ నోట్ చేసుకున్న సంగతి ఆమెకు తెలియదు. నీళ్ళు తాగి, చెప్పు బిడ్డా ఎవరెవరు, అని ముందు కూర్చుంది.

నేను పోయినేటిదీ ఈ యేటిదీ క్యాలెండర్లు పట్టుకుంటే ఆమె వేళ్ళ మీద లెక్క. ఉద్దాలనాడు అంటే కురుమూర్తి జాతరలో స్వామి పాదుకలు ఊరేగే రోజు, ఆ తేదీ దొరికింది. శివరాత్రి దొరికింది. కాముని పున్నమి దొరికింది. రంజాన్ నెలవంక కనపడిన రోజు అన్నామె తేదీ కూడా దొరికింది. దాని మీద తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ. నేను కీ నొక్కేలోపే లక్ష్మీదేవమ్మ నోట్లోంచి తేదీ వచ్చేస్తోంది. చెత్త అనుకున్న ప్రతి మాట వెనకా ఒక కచ్చితమైన రోజు ఉంది. సిగ్గేసింది.

ఆగస్టు 11, సోమవారం

లలితమ్మ పోను ముప్పై ఏడు. ముగ్గురికి అప్పుడే కాన్పులయ్యాయి, క్షేమం. తొమ్మిది మందికి రోజులు దగ్గరపడ్డాయి, డేవిడ్ రెండు రోజుల్లో అందర్నీ తెచ్చాడు. మిగతావాళ్ళకు టైముంది.

ఒక్కతి మిగిలింది. వసంత. రెండో కాన్పు. మొదటిది ఆపరేషన్. ఈసారి నొప్పులు రాకముందే ఆస్పత్రిలో ఉండాలి, కుట్టు తెగితే ఇద్దరూ దక్కరు అని డాక్టరమ్మ అప్పుడే చెప్పిందని లక్ష్మీదేవమ్మ నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఉంది.

తారీఖు గడిలో, అత్త పోయిన మూడోనాడు.

ఏ క్యాలెండర్లో వెతకను?

ఆగస్టు 12, మంగళవారం

ఫైల్లో వసంత నంబరు ఒక మేస్త్రీది. వసంత, ఆమె మొగుడు జోసెఫ్ మార్చిలో అతని వెంట పనికి పోయారు. చేస్తే, వాళ్ళు నాతోని లొల్లి పెట్టుకోని ఎప్పుడో పోయిండ్రు, యాడికి పోయిండ్రో నాకు తెల్వదు, అని కట్ చేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

మనిషి ఎక్కడుందో తెలియదు. ఎన్ని రోజులుందో తెలియదు. రెండోదైనా ముందు తెలుసుకోవాలి.

ఆగస్టు 13, బుధవారం

లక్ష్మీదేవమ్మను వెంటబెట్టుకుని అమరచింత అవతల వసంత వాళ్ళ పల్లెకు పోయాం. ఇంటికి తాళం. అత్త హన్మమ్మ ఎప్పుడు పోయిందని వాడంతా అడిగాం. పత్తి ఏరంగ పోయింది అంది ఒకామె. ఇంకొకామె కాదు, కంది కోసేటప్పుడు అంది. యాదయ్య అనే పెద్దాయన, ఆనాడు నాకు జ్వరం, పాడె మొయ్యలే, గంతే యాదికుంది, అన్నాడు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి దగ్గరా తేదీ లేదు. చావు పంచాయతీలో రాయించనే లేదట.

అప్పుడు డేవిడ్, వాళ్ళు చర్చికి పోయేటోళ్ళు గద మేడం, సమాధి కట్టి ఉంటరు, దాని మీద రాస్తరు, అన్నాడు. ఇంతసేపూ మాకు ఎందుకు తట్టలేదో.

ఊరి బయట, కంపచెట్ల మధ్య. చిన్న సిమెంటు గద్దె, మీద శిలువ. నీలం రంగుతో చేత్తో రాసింది. పేరు బాగానే ఉంది. రోజు 12, సంవత్సరం 2024. నెల దగ్గర ఒకటి ఉంది, దాని పక్క అంకె వానకు కొట్టుకుపోయింది. పది కావచ్చు, పదకొండు కావచ్చు. పన్నెండు కావచ్చు.

పన్నెండు కావాలని కోరుకున్నాను. అప్పుడు నెల రోజులుంటాయి. చనిపోయిన మనిషి సమాధి ముందు నిలబడి ఆమె ఇంకో నెల ఆలస్యంగా పోయి ఉంటే బాగుండుననుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేను.

లక్ష్మీదేవమ్మ బాటిల్లో నీళ్ళు పోసి చెంగుతో మెల్లగా తుడిచింది. తడిస్తే పాత రంగు మచ్చ కనపడింది. నిలువు గీత. ఇంకో ఒకటి.

నవంబరు 12. మూడోనాడు 14. కాన్పు ఆగస్టు 21. నొప్పులు ఆ తేదీ దాకా ఆగుతాయని ఎవరు చెప్పారు? నా ఫోన్ మొన్న పదకొండున పోయి ఉండాలి.

ఆగస్టు 14, గురువారం

వసంత వరుసలో వలస అని రాసి క్లోజ్ చెయ్యమన్నారు నిరంజన్ సార్. దొరకని మనిషికి మనమేం చేస్తాం, ఫైలు తప్పని రిపోర్టులో ఉంది కదా, అన్నారు.

ఫైలు తప్పు కాదు సార్, నాది, అన్నాను. ఇగ్నోర్ సంగతి చెప్పాను. లక్ష్మీదేవమ్మ పేరు కొట్టెయ్యమన్నాను. ఆయన జీపు తాళాలు బల్ల మీద పెట్టి, ముందు ఆమెను పట్టుకురా, తర్వాత నీ సంగతి, అన్నారు.

ఆగస్టు 15, శుక్రవారం

మేస్త్రీ ఎత్తడు. ముప్పై నాలుగు సార్లు.

ఆగస్టు 16, శనివారం

మేస్త్రీ వనపర్తిలోనే ఒక బిల్డింగు పనిలో ఉన్నాడని డేవిడ్ కనుక్కున్నాడు. సిమెంటు బస్తాల మధ్య పట్టుకున్నాం. మొదట మొండికేశాడు. కుట్టు తెగితే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. మెత్తబడ్డాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వసంత రోజూ పొద్దుగూకంగ ఎవరిదో ఫోన్ అడుక్కుని ఆయనకు చేస్తుందట. సంస్థోళ్ళు చేసిండ్రా అన్నా, అని అడుగుతుందట. ఈయన చెయ్యలే అని పెట్టేస్తాడట. అది నిజమే కదా, అన్నాడు. నిజమే. నేను చేసింది పన్నెండున. ఆ తర్వాత కూడా వాళ్ళ మీద కోపంతో ఆయన ఆ ఒక్క మాట ఆమెకు చెప్పలేదు.

ఆమె రోజూ చేసే ఆ నంబరుకు చేశాం. గద్వాల దాటి గట్టు మండలం వైపు ఊరు, ఎవరో ముసలమ్మ. సగం తెలుగు, సగం కన్నడం. ఆ పిల్ల పత్తి సీడు చేనుల క్రాసింగుకు వచ్చింది, రోజూ వస్తుండె, రెండు దినాలైంది బరలిల్ల, అంది. రాలేదని.

రెండు రోజులుగా ఎందుకు రాలేదు? ఏ చేనో ముసలమ్మకు తెలియదు, పొద్దున్నే కనుక్కుంటానంది. పక్కబట్టలు, ఫ్లాస్కు జీపులో పెట్టాను. తెల్లవారగానే బయల్దేరుతున్నాం.

ఆగస్టు 17, ఆదివారం, 9:30

ఎక్కడ చూసినా విత్తనపత్తి. ప్రతి చేనులో వంగిన నడుములు. క్రాసింగంటే ఇదే, మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు అద్దుతున్నారు, తలెత్తి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. ముసలమ్మ జీపులో ముందు కూర్చుని దారి చూపిస్తోంది. మూడు చేన్లయ్యాయి. లేదు.

11:40

దొరికింది. చేను గట్టున గుడిసెలో, గోడకు ఒరిగి. కాళ్ళు నీరుపట్టి నడవలేక ముసలమ్మ ఇంటికి రావడం మానేసింది. తెల్లవారుజాము నుంచి నొప్పి వచ్చి పోతోందట. జోసెఫ్ ఆటో కోసం ఊళ్ళోకి పరుగెత్తి అప్పుడే ఉత్త చేతులతో వచ్చాడు.

నన్ను చూసి, ఫోన్ చెయ్యకుండనే వచ్చిండ్రా అక్కా, అంది. నవ్వబోయింది.

4:20

గద్వాల ఆస్పత్రి. మట్టి రోడ్డు మీద ప్రతి గుంతకూ ఆమె నా చెయ్యి పిసికింది, గోళ్ళు దిగాయి. ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళి గంటన్నర. పాత కుట్టు కాగితంలా పలచబడిందని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

ఆడపిల్ల. రెండు కిలోల ఆరువందలు. ఇద్దరూ బతికారు.

బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

ఆగస్టు 19, మంగళవారం

చెప్పేశాను. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నువ్వు చెప్పిన మాటను నేనే సున్నాలు చేశాను, అందుకే ఫోన్ రాలేదు, అన్నాను. జోసెఫ్ లేచి బయటికి పోయాడు. వసంత పిల్లను ఇటు నుంచి అటు మార్చుకుంది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండు.

నాలెక్క ఇంకెవరన్న ఫోన్ కోసం సూస్తున్నరా అక్కా, అని అడిగింది.

లేరు, అందరూ దొరికారు, అన్నాను.

ఆగస్టు 20, బుధవారం

మే నెలలో మా సంస్థ పనిచేసే నాగర్‌కర్నూల్ జిల్లా ఫైలు ఎక్కించింది కూడా నేనే. అప్పుడు ఏ వార్నింగూ రాలేదు. తప్పులొచ్చినా ఆగొద్దని, వార్నింగ్స్ చూపించొద్దని నేనే టిక్ పెట్టాను.

ఇప్పుడు తెరిచాను. పంతొమ్మిది వరుసల్లో సున్నాలు. మూడు నెలలైంది.

మొదటి నంబరు కలిపాను. రింగవుతోంది.