గుంట దగ్గర గంటసేపు

ప్రియమైన నాన్నకి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కంగారు పడకు, ఇది హోమ్‌వర్క్. మాకు కొత్తగా పర్యావరణం మేడమ్ వచ్చారు. ఆవిడ పాఠం పుస్తకంలో ఉండదు. కాలేజీ ఆవరణలో ఒక్కొక్కరు ఒక్కో చోటు ఎంచుకోవాలి. వారానికో గంట ఫోన్ లేకుండా అక్కడ కూర్చుని, చూసింది ఇంట్లో ఎవరికైనా ఉత్తరం రాయాలి. ఇంట్లోవాళ్లు జవాబు రాస్తూ, ఆ చోటికి వెళ్లి చూస్తే తప్ప చెప్పలేని ప్రశ్న ఒకటి అడగాలి. అమ్మకి రాస్తే తిన్నావా అని అడుగుతుంది. అందుకే నీకు.

అందరూ చెట్లూ పూలమొక్కలూ ఎగబడి తీసుకున్నారు. నేను నిద్ర లేచి వెళ్లేసరికి హాస్టల్ వెనక నీళ్లగుంట మిగిలింది. ట్యాంకు పొంగిన నీళ్లూ, వాన నీళ్లూ చేరే గుంట. గంటసేపు చూస్తే కనిపించింది పచ్చటి నీళ్లు, ఒంటి చెప్పు, నీళ్ల మీదికి వంగిన కొమ్మకి పిడికెడు తెల్లటి నురగ. ఎవరో షాంపూ పెట్టుకుని కిటికీలోంచి దులిపినట్టుంది.

ఇంకో మాట. ఇక్కడ మీ నాన్న ఏం చేస్తారని అడిగితే వ్యాపారం అన్నాను. దోమల మందు కొడతారంటే నాకు ఏదో పేరు పెట్టేస్తారు. ఏమీ అనుకోకు.

నీ పిడుగు


పిడుగూ,

ఉత్తరం చదివి మీ అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నువ్వు గంటసేపు ఒకచోట కూర్చున్నావంటే నేనూ నమ్మను. కుర్చీకి కట్టేస్తే కుర్చీతో సహా లేచిపోయే రకానివి.

వ్యాపారమే కదా, తప్పేముంది. దోమలతో వ్యాపారం. నష్టమంతా వాటికే.

ఇక అసలు సంగతి. ఆడపిల్లల హాస్టల్ వెనక నిలవనీళ్లేమిటి? నురగ ఉందంటే సబ్బునీళ్లు కూడా కలుస్తున్నట్టే. ముందు ఆ కొమ్మ దులిపి చెత్త తీసేయండి. తర్వాత వార్డెన్‌కి చెప్పి కాస్త వాడేసిన ఇంజినాయిల్ పోయించు.

నా ప్రశ్న: ఆ నీళ్లలో సన్నగా మెలికలు తిరిగే పురుగులున్నాయా? ఉంటే అవి దోమపిల్లలు. రాత్రి దోమతెర కట్టుకుని పడుకో.

నాన్న


నాన్నా,

మెలికలు తిరిగేవి ఉన్నాయి. నీ ప్రశ్న అయిపోయింది. ఇప్పుడు నేను చెప్పేది విను.

నువ్వు చెప్పావని నేనూ సోడాబుడ్డీ చీపుళ్లు తీసుకుని వెళ్లాం. సోడాబుడ్డి అంటే నా రూమ్మేట్, తన కళ్లద్దాలకి ఆ పేరు కూడా తక్కువే. చెప్పు బయటికి లాగాం. నురగని హాస్టల్ గోడ మీదికి గీకేసి, కొమ్మని బకెట్ నీళ్లతో కడిగాం. గొప్ప పని చేశామని ఫోటో తీసి మేడమ్‌కి చూపించాను. ఆవిడ నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి చూడమన్నారు. సిమెంటు మీద నువ్వుగింజంత ఒంటికి తోకలున్నవి, ఎండిపోయి ఉన్నాయి.

అది సబ్బు కాదు నాన్నా, కప్ప గూడు. ఒకరకం కప్ప నీళ్లమీది కొమ్మకి నురగ చేసి అందులో గుడ్లు పెడుతుందట. నురగ కరిగాక పిల్లలు కింది నీళ్లలో పడతాయట. ఇంకో రోజు ఆగి ఉంటే పడేవే. గదికొచ్చి బాగా ఏడ్చాను.

తర్వాత పడ్డ వానకి అదే కొమ్మ మీద ఇంకో నురగ కనిపించింది. అప్పట్నుంచి వారానికో గంట కాదు, తీరిక దొరికితే అక్కడే ఉంటున్నాను. నిన్న పిల్లలు ఒక్కొక్కటే నీళ్లలోకి జారాయి, నా కళ్లముందే.

కానీ సోడాబుడ్డికి జ్వరం వచ్చింది. హాస్టల్లో ఇంకో ఇద్దరికి కూడా. వార్డెన్ మన ఊరివైపు నుంచే ఎవరో మందు కొట్టేవాళ్లని పిలిపిస్తున్నారట. గుంటలో మందు పోస్తే నా కప్పపిల్లలు పోతాయి. పోయకపోతే దోమలు. మేడమ్‌ని అడిగితే, "నీ చోటు గురించి ముందు నువ్వు ఆలోచించు" అన్నారు. ప్రశ్న నువ్వు అడగాలి గానీ ఈసారి నేనే అడుగుతున్నాను. నువ్వైతే ఏం చేస్తావు?

పిడుగు


పిడుగూ,

నురగ సంగతి నాకూ తెలియదు. తెలియకుండానే చెప్పాను. మాట నాది, చీపురు నీది, తప్పు చెరిసగం.

నేనైతే ఏం చేస్తానని అడిగావు. పిలిచినవాళ్లు చెప్పిన పని చేస్తాను. జ్వరమొచ్చిన పిల్లకి కూడా ఓ నాన్న ఉంటాడు, అది మర్చిపోకు. మందు కొట్టేవాడి మీద కోపం పెట్టుకోకు. పొగ పెట్టేటప్పుడు దూరంగా ఉండు.

నువ్వక్కడ ఏ పూట కూర్చుంటావు? గుంటకి ఏ వైపు? ఈ వారం ప్రశ్న ఇదే.

నాన్న


పిడుగూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నానని పెట్టేస్తున్నావని అమ్మ చెప్పింది. మందువాళ్లు వచ్చి వెళ్లారా? గుంట ఏమైంది? సోడాబుడ్డికి ఎలా ఉంది?

ఇక్కడ పెద్ద విశేషాల్లేవు. మొన్న పని మీద ఊరెళ్లొచ్చాను. నెలనెలా వచ్చే పని అనుకున్నాను గానీ నిలవలేదు. పోతే పోయింది, ఇంకోటి చూసుకుందాం. నువ్వు ఒక్క ముక్క రాయి.

నాన్న


ప్రియమైన నాన్నకి,

మందువాళ్లు ఇద్దరు వచ్చారు. గదులన్నిటా పొగ పెట్టారు. కూలర్లలో నీళ్లు పారబోయించి, ట్యాంకుకి మూత వేయించారు. తర్వాత ఒకాయన ఒక్కడే గుంట దగ్గరికి వచ్చాడు. తలకి టోపీ, ముఖానికి మాస్కు, కళ్లకి పెద్ద అద్దాలు. అవతలి గట్టు మీద నేను కూర్చుని ఉన్నాను. లేవలేదు.

ఆయన మందు డబ్బా పక్కన పెట్టి, పొడుగుకాడ గరిటెతో నీళ్లు తీసి చూశాడు. ఇంకోచోట తీసి చూశాడు. గొంతుక్కూర్చున్నాడు. గరిటెలో కప్పపిల్ల పడితే వేలు అడ్డం పెట్టి మెల్లిగా నీళ్లలోకి వంచాడు. నా గంట అయిపోయింది, ఆయన మాత్రం లేవలేదు. చివరికి వార్డెన్ వచ్చి, "ఇక్కడ కొట్టలేదేం?" అన్నారు. "కప్పలు గట్టెక్కేదాకా ఇక్కడ మందు వద్దమ్మా. రోజూ జల్లెడ పట్టి దోమపిల్లల్ని తీసేస్తే చాలు" అన్నాడు. "జల్లెడ పట్టడానికా మిమ్మల్ని పిలిపించింది? వచ్చే నెల నుంచి వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నారు ఆవిడ. ఆయన డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మాస్కు ఉంటే కూతురు గుర్తుపట్టదనుకున్నావా? గొంతు మార్చి మాట్లాడావు గానీ ఏమీ కుదర్లేదు. గట్టు దిగుతూ ఎడమ మోకాలి మీద చెయ్యేసే మనిషి నాకు ఒక్కరే తెలుసు.

నేను వ్యాపారం అని చెప్పినందుకే కదా ముఖం చూపించలేదు. నేను మాత్రం ఏం చేశాను? లేచి నాన్నా అని పిలవాలనిపించింది. పొగకి బయటికొచ్చిన హాస్టల్ పిల్లలు చుట్టూ ఉన్నారని పిలవలేదు. నువ్వు గేటు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేకపోయింది అందుకే.

గట్టు మీద నీ గరిటె, సన్న జల్లెడ ఉండిపోయాయి. సామాను మర్చిపోయే మనిషివి కాదు నువ్వు. మర్నాడు వాటిని క్లాసుకి తీసుకెళ్లి, ఇవి మా నాన్నవి, నిన్న వచ్చింది ఆయనే, దోమల మందు కొడతారు అని చెప్పాను. ఎవరూ పేరు పెట్టలేదు. జల్లెడ ఎలా పట్టాలో చూపించమన్నారు. నాకేం తెలుసని చూపించను? ఏదో తెలిసినట్టు మొదలుపెట్టాం, ఇప్పుడు వంతులేసుకుని రోజూ పడుతున్నాం. జల్లెట్లో పడ్డ కప్పపిల్లల్ని నీళ్లలో వదిలి, దోమపిల్లల్ని ఎండలో పారేస్తున్నాం. సోడాబుడ్డికి జ్వరం తగ్గింది. అందరికంటే కసిగా పడుతున్నది తనే. దోమలు కనిపిస్తే గుంట పూడ్పించేస్తానని వార్డెన్ చెప్పేశారు, అందుకని ఒక్క పూట కూడా మానడం లేదు. కప్పపిల్లలకి వెనక కాళ్లు వచ్చాయి.

ఈ వారం ప్రశ్న కూడా నాదే. జల్లెడ అడుగునుంచి లాగాలా, పైపైన లాగాలా? ఇక్కడ రోజూ దీని మీద కొట్టుకుంటున్నాం. గుంట దగ్గరికి వచ్చి చూస్తే తప్ప చెప్పలేని ప్రశ్న ఇది. ఆదివారం రా. మాస్కు లేకుండా రా.

ఇట్లు,
దోమల మందు కొట్టే ఆయన కూతురు